అమ్మ కవర్లో తొమ్మిది రకాల మాత్రలు: ఏది తీయవచ్చు, ఏది ఉన్నపళంగా ఆపకూడదు

ప్రశ్న క్లుప్తంగా: "మా అమ్మకు 68 ఏళ్ళు. భీమవరంలో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆరేళ్ళ కిందట నాన్న పోయాక నిద్ర పట్టడం లేదంటే వీధిలో ఉండే ఆర్‌ఎంపీ గారు క్లోనజెపామ్ 0.5 ఇచ్చారు. అప్పటి నుంచి ఒక్కొక్కటీ కలుస్తూ ఇప్పుడు తొమ్మిది రకాలయ్యాయి. చీటీల ఫొటోలు పెడుతున్నాను. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, చెప్పిందే మళ్ళీ అడుగుతోంది, నాలుగు నెలల్లో రెండుసార్లు పడిపోయింది. ఈ మానసిక మందుల గురించి నెట్‌లో చదివి భయమేసింది. అన్నీ ఒక్కసారి ఆపేద్దామంటే తమ్ముడు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?"

ముందుగా ఒక్క మాట. ఈ విషయంలో మీ తమ్ముడిదే సరైన మాట. ఈ రాత్రి అమ్మగారు రోజూ వేసుకునేవన్నీ అలాగే వేసుకోనివ్వండి. ఆరేళ్ళు వాడిన క్లోనజెపామ్‌ను ఒక్కరోజులో ఆపితే ఫిట్స్ రావచ్చు, మనిషి అయోమయంలో పడవచ్చు, లేనివి కనపడవచ్చు. మీ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. ఆ కవర్లో ఉండకూడనివి కొన్ని ఉన్నాయి. వాటిని తీయడానికి ఒక వరస ఉంది. ఆ వరస కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను 26 ఏళ్ళుగా మానసిక వైద్యుడిని. సగం సర్వీసు తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో గడిచింది, ఇప్పుడు గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊళ్ళో చూస్తున్నాను. మీ అమ్మగారి కవర్ లాంటివి నా బల్ల మీద వారానికి రెండు మూడైనా పరుచుకుంటాయి.

ఫొటోలు ఒకటికి రెండుసార్లు చూశాను. బీపీ, షుగర్, కాల్షియం మాత్రలు పక్కన పెడితే మిగిలిన ఆరూ మెదడు మీద పనిచేసేవే. మీరు ఐదే అనుకున్నట్టున్నారు. ఆరోది గ్యాస్ మాత్రలో ఉంది.

చీటీల మీద తేదీల వరుసలో పెట్టి చూస్తే కథ దానంతట అదే తెలుస్తుంది. మొదటిది మీ నాన్నగారి పదకొండో రోజు దాటాక రాసిన క్లోనజెపామ్. నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి లేకపోతే నిద్ర ఎలా పడుతుంది? అది జబ్బు కాదు, దుఃఖం. వారం పది రోజులు ఒక మాత్ర ఆసరాగా ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ చీటీలో ఎన్ని రోజులు అన్న చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీయే ఆరేళ్ళయింది.

తర్వాతి ఏడాది "మనసు బాగుండటం లేదు, ఏడుపొస్తోంది" అన్నారు. జనరల్ ఫిజిషియన్ ఉదయం పూటకు దిగులు తగ్గించే ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్ర రాశారు. మన దేశంలో ఈ రెండూ ఒకే బిళ్ళలో దొరుకుతాయి. స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో, లోపల ఏముందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రాత్రి వేసుకునేది కూడా క్లోనజెపామే అని ఎవరూ చూడలేదు. ఫొటోను పెద్దది చేసి చూడండి, ఉదయం దాంట్లో 0.5, రాత్రి దాంట్లో 0.5. అంటే అమ్మగారు ఐదేళ్ళుగా రోజుకు ఒక మిల్లీగ్రాము వేసుకుంటున్నారు. ఈ మందు సగం ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది, పెద్ద వయసులో ఇంకా ఎక్కువ. నిన్నటిది పూర్తిగా పోకముందే ఇవాళ్టిది కలుస్తుంది. పగలంతా మగతగా ఉండటం, నడకలో తూలడం, విన్న మాట నిలవకపోవడం, వీటికి ఈ ఒక్కటే చాలు. 65 దాటినవాళ్ళకు ఇవ్వకూడని మందులంటూ అమెరికాలో వృద్ధుల వైద్యులు బీర్స్ జాబితా అని ఒకటి నిర్వహిస్తారు. 1991లో మొదలైంది. అందులో బెంజోడయజెపైన్లు అనే ఈ క్లోనజెపామ్ జాతి మందులన్నీ ఉన్నాయి. కారణాలు పడిపోవడం, తుంటి ఎముక విరగడం, మతి తప్పడం.

ఇక గ్యాస్ మాత్ర. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే నిండినట్టుండటం అని చెబితే రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్ ఇచ్చారు. ఇందులో రాబెప్రజోల్ కడుపులో యాసిడ్ తగ్గించేది, దాని గోల లేదు. లెవోసల్పిరైడ్ వేరే జాతి. మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. స్కిజోఫ్రీనియాకు మేము వాడే మందుల బంధువు. పేగుల కదలిక పెంచుతుందని ఉబ్బరానికి ఇస్తారు. కొన్నాళ్ళకైతే పరవాలేదు. నెలల తరబడి, అందులోనూ పెద్దవాళ్ళకు ఇస్తే పార్కిన్‌సన్స్ జబ్బులాంటి వణుకు, బిగుసుకుపోవడం, అడుగు పడకపోవడం వస్తాయి. ఈ సంగతి నరాల డాక్టర్లందరికీ తెలుసు. గ్యాస్‌కి అదే మాత్రను మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవాళ్ళకు తెలియదు.

నాలుగేళ్ళ కిందట ఒక రిటైర్డ్ మాస్టారిని వాళ్ళబ్బాయి తీసుకొచ్చాడు. వచ్చిన ఫిర్యాదు మతిమరుపు కాదు, వణుకు కాదు. బ్యాంకులో సంతకం కలవడం లేదని పెన్షన్ డబ్బు ఇవ్వడం లేదు. కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాను. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన మనిషి. మొదటి అక్షరం బాగానే పడింది, తర్వాతివి చిన్నవవుతూ చిన్నవవుతూ చివర ఒక చీమల బారులా మిగిలింది. ఆయన కవర్లో అప్పటికే పార్కిన్‌సన్స్ మందు, దానివల్ల వచ్చిన వికారానికి ఒకటి, దిగులుకు ఒకటి, నిద్రకు ఒకటి. అన్నిటికన్నా అడుగున, కత్తెరతో పేరు సగం కత్తిరించిన స్ట్రిప్‌లో ఈ గ్యాస్ క్యాప్సూల్. మూడేళ్ళుగా వాడుతున్నారు, దాన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టలేదు. "అది ఉత్త గ్యాస్‌దేనండీ" అన్నారాయన. దాన్ని ఆపాం. రెండో నెలకు నడక తేలికైంది. ఐదో నెలలో ఆయనే కాగితం అడిగి సంతకం పెట్టి చూపించారు. చివరి అక్షరం దాకా ఒకే కొలత. అందరికీ ఇలా తిరిగిరాదు. కొందరికి వణుకు కొంత మిగిలిపోతుంది, కొందరిలో లోపల అప్పటికే మొదలైన అసలు జబ్బు ఈ మందుతో ముందే బయటపడుతుంది. కానీ ఆపి చూడకుండా ఏది ఏదో తేల్చలేం.

మీ అమ్మగారికి ఆ క్యాప్సూల్ మొదలైన ఏడాదికి చేతి వణుకు మొదలైందని చీటీలే చెబుతున్నాయి. వణుకుకు ఇంకో డాక్టరు ట్రైహెక్సీఫెనిడిల్ రాశారు. అరికాళ్ళ మంటలకు అంతకుముందే అమిట్రిప్టిలిన్ ఉంది. ఈ రెండూ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. జ్ఞాపకం నిలవాలంటే కావలసింది ఆ రసాయనమే. నోరు పిడచకట్టుకుపోవడం, మలబద్ధకం, మూత్రం ఆగి ఆగి రావడం, చూపు మసకబారడం, మాటలు మర్చిపోవడం దీని గుర్తులు. మతిమరుపు మొదలైందని ఎనిమిది నెలల కిందట డొనెపెజిల్ చేర్చారు. అది అదే ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే మందు. కుండకు అడుగున చిల్లి పెట్టి పైనుంచి నీళ్ళు పోసినట్టయింది. అదీగాక డొనెపెజిల్ కొందరిలో గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది, కళ్ళు తిరిగి పడిపోయేలా చేస్తుంది. అమ్మగారు రెండుసార్లు పడింది ఈ మందు వచ్చాకే కదా?

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడం, దాని ఇబ్బందికి మరొకటి. అమ్మగారి విషయంలో ఇప్పటికి మూడు మెట్లు ఎక్కారు. నాలుగో మెట్టు ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే అది చాలా దగ్గర్లో ఉంది. రేపు రాత్రిపూట లేచి కేకలు వేశారనుకోండి, మతిమరుపు జబ్బులో ఇది మామూలే అని స్కిజోఫ్రీనియాకు వాడే రిస్పెరిడోన్‌గానీ క్వెటియాపిన్‌గానీ రాస్తారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్ళలో ఈ జాతి మందులు మరణాలను పెంచుతున్నాయని అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే వాటి మీద నల్లగీతల చట్రంలో గట్టి హెచ్చరిక పెట్టించింది. తప్పనిసరి పరిస్థితిలో, తక్కువ మోతాదులో, తక్కువ కాలం మేమూ వాడతాం. కానీ మందుల వల్ల వచ్చిన మతిమరుపుకు వాటిని వాడటం అన్యాయం. అలాంటి చీటీ వస్తే అక్కడే ఆగి అడగండి.

ఇన్ని చెబుతున్నానని ఆ డాక్టర్లంతా చెడ్డవాళ్ళని అనుకోకండి. ఎవరికి వారు ఎదురుగా ఉన్న ఒక్క బాధనే చూశారు. ఓపీలో మనిషికి ఐదు నిమిషాలు కూడా దొరకవు. వచ్చినవాళ్ళు "డాక్టరు గారూ, ముందు నిద్ర పట్టేలా ఏదైనా రాయండి" అని ఎదురుగా కూర్చుంటారు. పాత చీటీలు తీసుకురారు. మందు మొదలుపెట్టే మనిషి ఉంటాడు, ఆపే బాధ్యత మాత్రం ఎవరి పేరు మీదా ఉండదు. నా ఉద్దేశంలో అసలు లోపం అక్కడుంది. మంచి మందును సరైన కారణానికి మొదలుపెట్టి, ఎప్పుడు ఆపాలో రాయకుండా వదిలేయడం.

ఈ తప్పు నేనూ చేశాను. సర్వీసులో చేరిన కొత్తల్లో, కాన్పయిన మూడో నెలలో గుండెదడ, భయం అంటూ వచ్చిన ఒక అమ్మాయికి ఎస్సిటాలోప్రామ్‌తో పాటు క్లోనజెపామ్ జాతిదే అయిన అల్ప్రజోలామ్ 0.25 రాశాను. మూడు వారాల తర్వాత రమ్మన్నాను. చీటీ మీద రెండు మందులకూ ఒకే గీత గీసి "కంటిన్యూ" అని రాశాను. నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. నాలుగేళ్ళ తర్వాత బస్సెక్కి వెతుక్కుంటూ కొత్త ఊరికి వచ్చింది. ఎస్సిటాలోప్రామ్ ఎప్పుడో తనే మానేసింది. అల్ప్రజోలామ్ రోజుకు ఆరు మాత్రలయింది. మడతల్లో చిరిగి, టేపు అతికించిన నా చీటీనే మెడికల్ షాపులో చూపిస్తూ వచ్చింది. "మీరు రాసిందే కదా సార్" అంది. తిట్టలేదు, నిజంగానే నమ్మి అంది. ఆమెకు ఆ మందు మాన్పించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆనాటి నుంచి నిద్రమాత్ర రాస్తే పక్కనే ఆపవలసిన తేదీ కూడా రాస్తున్నాను, వెంట వచ్చిన మనిషి ఎదురుగా పైకి చదువుతున్నాను.

క్లోనజెపామ్, అల్ప్రజోలామ్ జాతి మందులకు పాత చరిత్రే ఉంది. 1960లో క్లోర్‌డయజెపాక్సైడ్, 1963లో డయజెపామ్ వచ్చాయి. అంతకుముందున్న నిద్రమందులు మోతాదు మించితే ప్రాణం తీసేవి, వాటితో పోలిస్తే ఇవి భద్రమైనవన్నారు. ఆ మాట నిజమే. అలవాటు పడవు అనుకున్నది మాత్రం నిజం కాలేదు. ఇంగ్లండులో న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 దాకా కేవలం ఈ మందులు మాన్పించడానికే క్లినిక్ నడిపారు. రెండు నుంచి నాలుగు వారాలకు మించి రాయవద్దని 1988లోనే బ్రిటన్ మందుల భద్రతా కమిటీ చెప్పింది. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో ఈ జాతి మొత్తం మీద అలవాటు గురించి, ఆపినప్పుడు వచ్చే ప్రమాదం గురించి అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. మన దగ్గర 2014 మార్చి నుంచి అల్ప్రజోలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ వంటివి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి ఎన్ని ఇచ్చారో రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ఖాళీ స్ట్రిప్ చూపిస్తే చాలు కొత్తది చేతిలో పెట్టే షాపులు ఇప్పటికీ ఎన్ని ఉన్నాయో మీ తమ్ముడిని అడగండి.

ఉన్నపళంగా ఆపితే ఏమవుతుందో పుస్తకంలో చదివి చెప్పడం లేదు. తెలంగాణలో కల్లులో డయజెపామ్, అల్ప్రజోలామ్ కలపడం ఎప్పటి నుంచో ఉన్న దరిద్రం. 2015లో ప్రభుత్వం కల్తీ మీద గట్టిగా పడింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ వైపు ఊళ్ళలో కల్తీ కల్లు ఒక్కసారి ఆగిపోయింది. మూడు నాలుగు రోజుల్లో జనం ఆసుపత్రులకు వరదలా వచ్చారు. నేనప్పుడు ఆ వైపే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచాం. బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ, డెబ్భై దగ్గర ఉంటాయి, ఒడిలో ఏమీ లేకపోయినా ఆకు పరిచి తంబాకు పోసి చుడుతూనే ఉంది, వేళ్ళు ఆగడం లేదు. ఎవరని పలకరించినా చనిపోయిన మొగుడి పేరు చెప్పింది. ఆ రాత్రి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. డయజెపామ్ ఎక్కించి, మోతాదు రోజు రోజుకూ తగ్గించుకుంటూ వస్తే పదో రోజుకు తన పేరు చెప్పింది, కోడలిని గుర్తుపట్టింది. ఆమె తనకు తెలిసి ఏ మందూ వేసుకోలేదు. సాయంత్రం పూట సీసాడు కల్లు తాగింది, అంతే. మీ అమ్మగారికి ఎవరైనా ఆ క్లోనజెపామ్‌ను తీసి చెత్తబుట్టలో పారేస్తే నాకు గుర్తొచ్చేది ఆ పెద్దమ్మ వేళ్ళే.

ఇప్పుడు చేయవలసిన పని. తమ్ముడిని ఒక తెల్లకాగితం తీసుకోమనండి. ఎడమ పక్క ఏ మందు ఎప్పుడు మొదలైందో, కుడి పక్క ఏ బాధ ఎప్పుడు మొదలైందో తేదీలతో రాయమనండి. కచ్చితమైన తేదీ గుర్తులేకపోతే "సంక్రాంతి ముందు", "మనవడి బారసాల అప్పుడు" అని రాసినా చాలు. ఆ కాగితం, అన్ని స్ట్రిప్పులు, బీపీ షుగర్ మాత్రలతో సహా, మొత్తం ఒకే డాక్టరు ముందు పెట్టాలి. మానసిక వైద్యులైతే మంచిది, వీలుకాకపోతే ఓపిగ్గా వినే జనరల్ ఫిజిషియన్ అయినా సరే. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది, ఖర్చు లేదు. "ఈ మందు ఎవరు రాశారు" అని మొదలుపెట్టకండి, మాట అక్కడే చెడుతుంది. "వీటిలో ఇప్పటికీ అవసరమైనవి ఏవో, తగ్గించగలిగేవి ఏవో చూసి చెప్పండి" అని అడగండి. చాలామంది డాక్టర్లు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు, అడిగేవాళ్ళే ఉండరు.

దానికంటే ముందు రేపే ఒక రక్తపరీక్ష చేయించండి, సోడియం. ఎస్సిటాలోప్రామ్ వంటివి పెద్దవాళ్ళలో ఒంట్లో ఉప్పును పడగొడతాయి. అమ్మగారి బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది, అదీ అదే పని చేస్తుంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. 125కు పడిపోతే మనిషి అచ్చం మతిమరుపు వచ్చినట్టే ఉంటుంది, తూలుతుంది, పడుతుంది. నాలుగైదు వందల్లోపు అయిపోయే పరీక్ష, ఇంత కథలో ఎవరూ రాయలేదు. దాంతోపాటే ఒక ఈసీజీ తీయించి గుండె వేగం చూడమనండి, డొనెపెజిల్ కోసం. తక్కువ వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి, ఆగకండి.

మందుల్లో మొదట పోవలసింది లెవోసల్పిరైడ్ అని నా అభిప్రాయం. దాని స్థానంలో కొన్నాళ్ళు ఉత్త యాసిడ్ మాత్ర ఇస్తారు. కొన్ని వారాలాగి వణుకు తగ్గితే ట్రైహెక్సీఫెనిడిల్‌ను మెల్లగా తగ్గించి తీసేస్తారు, దాన్ని కూడా ఒక్కసారి ఆపరు. అరికాళ్ళ మంటలకు అమిట్రిప్టిలిన్ బదులు వేరే దారి ఉందేమో అడగండి. షుగర్ వల్ల వచ్చే మంటలకు అది పనికొచ్చే మందే, ఈ వయసుకు సరిపడదు. డొనెపెజిల్ ఉంచాలా వద్దా అన్నది ఇవన్నీ తేలాక, జ్ఞాపకశక్తి పరీక్ష మళ్ళీ చేసి నిర్ణయించాలి. ఈసీజీలో తేడా ఉంటే ముందే. ఒకేసారి రెండు మందులు కదిలించకూడదు, కదిలిస్తే మేలు దేనివల్లో కీడు దేనివల్లో తెలియదు.

క్లోనజెపామ్ చివరి పని, అన్నిటికన్నా నెమ్మదైన పని. ఉదయం కలిపిన మాత్రను విడదీసి ఎస్సిటాలోప్రామ్ విడిగా, క్లోనజెపామ్ విడిగా రాయమనాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఉదయం మాత్రను మామూలు ఎస్సిటాలోప్రామ్‌గా మార్చేసి, అందులోని 0.5 క్లోనజెపామ్ సంగతి మరిచిపోతారు. రాత్రికి రాత్రి సగం మోతాదు పడిపోతుంది, నాలుగో రోజు నుంచి దడ, చెమటలు, నిద్ర అసలే ఉండదు. అది చూసి "అమ్మకు ఈ మందు లేకపోతే కుదరదు" అని తీర్మానిస్తారు. విడదీశాక, మొత్తం మోతాదులో ప్రతి రెండు నుంచి నాలుగు వారాలకు ఐదు నుంచి పది శాతం తగ్గించమని 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకం చెబుతుంది. మన దగ్గర 0.25 మాత్రలు దొరుకుతాయి. దాన్ని సగం చేస్తే 0.125, నేనైతే నాలుగు వారాలకు అంత తగ్గిస్తాను. ఇబ్బంది అయితే ఆ మెట్టు మీదే ఇంకో నెల ఉంటాం, పైకి మాత్రం వెళ్ళం. మొదటి మెట్లు సులువు. 0.25 నుంచి 0.125కు రావడమంటే చూడ్డానికి అదే ముక్క, ఒంటికి మాత్రం సగం మందు పోయినట్టు. అక్కడ ఇంకా చిన్న ముక్కలు, ఇంకా ఎక్కువ వారాలు కావాలి. ఏడాది పట్టవచ్చు. పట్టనివ్వండి.

తగ్గించే రోజుల్లో మూడు నాలుగు రాత్రులు నిద్ర చెడుతుంది. అది పాత జబ్బు తిరిగి రావడం కాదు. ఒక సంగతి అడుగుతాను, అమ్మగారు ఎన్నింటికి పడుకుంటున్నారు? ఈ వయసువాళ్ళు చాలామంది ఎనిమిదిన్నరకే మంచమెక్కి, రెండున్నరకు మెలకువ వచ్చిందని బాధపడతారు. అప్పటికి ఆరు గంటలు పడుకున్నట్టే. మధ్యాహ్నం రెండు గంటల కునుకు ఉంటే రాత్రికి మిగిలేది ఇంకా తక్కువ. పడుకునే వేళ పదిన్నరకు జరపండి, కునుకు అరగంటకు కుదించండి, సాయంత్రం నాలుగు దాటాక కాఫీ వద్దు. నిద్ర రాకుండా మంచం మీద దొర్లేకంటే లేచి కూర్చుని కాసేపు ఏదైనా వినమనండి. లేచినప్పుడు వరండా లైటు వేసి ఉంచండి, బాత్రూం దగ్గర పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. నిద్రలేమికి మొట్టమొదట ఇవ్వవలసిన చికిత్స ఈ దారిలోదేనని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఇందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు కాబట్టి దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

ఎస్సిటాలోప్రామ్‌ను మాత్రం ఇప్పుడే కదిలించవద్దు. సోడియం బాగుంటే ఆఖరుకు చూసుకోవచ్చు. ఆమె దిగులు నిజంగా తగ్గిందా, ఆ మందుతోనే తగ్గిందా అన్నది ఆలోచించాలి. తీయవలసి వచ్చినా వారాలు, నెలలు పట్టించి తీయాలి, లేకపోతే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం ఉంటాయి.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో స్కిజోఫ్రీనియాకో, బైపోలార్ జబ్బుకో, తీవ్రమైన డిప్రెషన్‌కో మందులు వాడుతున్నవాళ్ళుంటే ఈ సమాధానం వాళ్ళ గురించి కాదు. లిథియం మీద ఇరవై ఏళ్ళు నిలకడగా ఉద్యోగం చేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు నా దగ్గర ఉన్నారు. ఎవరో చెప్పారని మానేసి నెల తిరక్కుండా కాలువలో దూకినవాళ్ళనూ చూశాను. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక జబ్బులున్నవాళ్ళలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. ఒక పక్క అవసరమైనవాళ్ళకు మందు చేరదు, ఇంకో పక్క దుఃఖంలో ఉన్న ఒక పెద్దావిడ కవర్లో ఆరు చేరతాయి. రెండూ ఒకే ఊళ్ళో జరుగుతున్నాయి. "పిచ్చి డాక్టరు దగ్గరికి ఎందుకు" అని వెనకాడి, గ్యాస్ డాక్టరు దగ్గర, నరాల బలహీనత పేరుతో అవే మందులు వాడుకుంటున్నాం. పిల్లలు కనే వయసున్న ఆడపిల్లకు ఎవరైనా బైపోలార్ జబ్బుకు, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ రాస్తే మాత్రం ఆ రోజే రెండోసారి అడగండి. గర్భంలో ఆ మందు పడిన పిల్లల్లో పది మందిలో ఒకరికి పుట్టుకతో లోపాలు, ముప్పై నలభై శాతం మందికి ఎదుగుదల సమస్యలు ఉంటాయి. వేరే మందులు ఉన్నాయి. అలాగని దాన్నీ అడగకుండా ఆపకూడదు.

డాక్టరు దొరికే లోపు సందేహమొస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. అమ్మగారికి ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా ఫోన్లు వద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సోడియం రిపోర్టు, ఈసీజీ వచ్చాక అంకెలు ఇక్కడే రాయండి, చూస్తాను. ఇంకొకటి కూడా తమ్ముడిని అడిగి రాయండి. ఆ రెండుసార్లు ఆమె పడింది ఎప్పుడు? రాత్రి మూత్రానికి లేచినప్పుడా, ఉదయం మాత్ర వేసుకున్న గంట రెండు గంటలకా, లేక కూర్చున్న చోటు నుంచి నిలబడగానేనా? దాన్ని బట్టి ఎక్కడ మొదలుపెట్టాలో మారుతుంది.